పోతన పద్యంలో సోమన

బమ్మెర పోతన తాను తెనిగించిన భాగవత స్కంధాల చివర ‘సహజపాండిత్య’ అన్న మాటతో కనిపిస్తాడు. పాండిత్యం పుట్టుకతోనే అబ్బినవాడని అర్థం. దానికి తోడు అవతారికలో చెప్పుకున్న సంగతి ఉంది. చంద్రగ్రహణం నాటి రాత్రి గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద మహేశ్వరుణ్ని ధ్యానిస్తుంటే రాముడు కనిపించి భాగవతం తెలుగు చేయమన్నాడట. పలికించేవాడు రాముడేనని కవి నమ్మాడు. తరతరాలుగా తెలుగువాళ్లూ నమ్మారు.

మరి దేవుడే పలికిస్తుంటే చదువుతో పనేమిటి?

జవాబు దశమస్కంధంలో, నరకాసురవధలో ఉంది. సంస్కృత భాగవతంలో సత్యభామ గరుత్మంతుడి మీద కృష్ణుడి వెంట వెళ్తుంది గాని యుద్ధం చేయదు. పోతన సత్యభామ వింటికి నారి బిగిస్తుంది. ఆ విల్లు ఆమె చేతికి ఇచ్చింది పోతన కాదు. 14వ శతాబ్దపు నాచన సోమన ‘ఉత్తర హరివంశం’లో అప్పటికే ఇచ్చేశాడు. ఒక చూపు శత్రువు మీద, మరో చూపు మగడి మీద. అటు కోపం, ఇటు వలపు. నూరేళ్లకు పోతన అదే భంగిమను, అదే మత్తేభంలో, దాదాపు అదే ఎత్తుగడతో అందుకున్నాడు. అందుకుని ఊరుకోలేదు. ఆ ముఖమే హరికి పున్నమి చంద్రుడై, పగవాడికి సూర్యబింబమై కనిపించేలా ఒక సీసం అల్లాడు. సోమన పద్యం మనసులో నానకపోతే ఈ సీసం పుట్టేది కాదనిపిస్తుంది.

దీన్ని కాపీ అనడం అన్యాయం. భక్తికి తక్కువ అనడం మరీ అన్యాయం. 7వ శతాబ్దపు దండి ‘కావ్యాదర్శం’లో సహజ ప్రతిభ, విస్తారమైన చదువు, విడవని అభ్యాసం కలిస్తేనే కావ్యమన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పాడు: ప్రతిభ లేకపోయినా, చదువుతో శ్రమతో కొలిస్తే వాగ్దేవి కొంతైనా కరుణిస్తుందని. ఆయన దృష్టిలో చదవడమే ఉపాసన. నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు పిల్లలు అమ్మవారి ముందు పెట్టే పుస్తకాలకు ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

చదువు ఒక్కటే చాలునా అంటే, చాలదు. భాగవతంలో 5, 6, 11, 12 స్కంధాలు గంగన, సింగన, నారాయణ పూర్తి చేశారు. వాళ్లూ చదువుకున్నవాళ్లే. జనం నాలుక మీద నిలిచినవి మాత్రం ఎక్కువగా పోతన పద్యాలే.

పోతన తన చదువును దాచుకోలేదు. రాముడి ఆజ్ఞ చెప్పిన అవతారికలోనే, పెద్దల వల్ల తాను విన్నదీ కన్నదీ విప్పి చెబుతానన్నాడు. కాళిదాసు, భారవి, మాఘుడు, నన్నయ, తిక్కనలను పేరుపేరునా కొనియాడి, మిగిలిన పూర్వకవులందరినీ కలిపి ఒక్కసారి తలచుకున్నాడు. సోమన పేరు విడిగా లేదు. సత్యభామ విల్లెత్తిన చోటికి వచ్చేసరికి ఆ తలపులో ఆయన వాటా ఎంతో కనిపిస్తుంది.