ధూమకేతువు చెప్పే ధర్మం

ఫలితాన్ని తాను చూడబోనని తెలిసి కూడా మానవుడు ఒక పనిని శ్రద్ధతో చేయగలడా? వచ్చిన ఫలితం తన ఆశకు విరుద్ధమైనప్పుడు దానిని ఉన్నదున్నట్లు చెప్పగలడా? నిష్కామకర్మను గురించి వినని వారు మన దేశంలో లేరు. దానిని ఆచరించి చూపిన వారు పురాణగాథలలోనే కాదు, రాత్రులు మేలుకొని ఆకాశాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులలోను ఉన్నారు. ధూమకేతువుల గతిని, కాంతిని కనిపెట్టి చూచిన వారి చరిత్ర ఇందుకు సాక్ష్యం.

తోకచుక్క పొడిచినదంటే లోకానికి అరిష్టమని భయపడటం తరతరాలుగా వచ్చినది. వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలో కేతుచారమనే అధ్యాయాన్నే రచించినాడు. గ్రహగతులను గణించిన ఆ మహానుభావుడు, కేతువుల ఉదయాస్తమయాలు మాత్రం గణితానికి అందవని నిస్సంకోచంగా చెప్పినాడు. తెలియనిదానిని తెలియదనటం జ్ఞానికే చెల్లుతుంది. కేతువులు నూటొక్కటి అని కొందరు, వేయి అని కొందరు అన్నారనీ, నారదమహర్షి మాత్రం కేతువు ఒక్కటే, అది పెక్కు రూపాలు ధరిస్తుందని అన్నాడనీ ఆయన పేర్కొన్నాడు.

ఈ నారదుని మాట హాలీ చరిత్ర చదివేటప్పుడు తప్పక స్ఫురిస్తుంది. ఇంగ్లండుకు చెందిన ఎడ్మండ్ హాలీ 1682లో ఒక ధూమకేతువును చూచినాడు. 1531లోను, 1607లోను కనిపించిన ధూమకేతువుల మార్గాలను దానితో పోల్చి, మూడూ వేరు కావు, ఒక్కటే తిరిగి తిరిగి వస్తున్నదని నిశ్చయించినాడు. 1705లో ఈ సంగతి ప్రకటించి, అది 1758 ప్రాంతంలో మరల వస్తుందని చెప్పినాడు. అప్పటికి తాను బ్రతికి ఉంటే తన వయస్సు నూరు దాటుతుందని ఆయనకు తెలియనిది కాదు. 1742లో హాలీ పరమపదించినాడు. తరువాత క్లేరో, లలాండ్, శ్రీమతి లెపోత్ అనే ఫ్రెంచి గణకులు బృహస్పతి, శని గ్రహాల ఆకర్షణను నెలల తరబడి లెక్కించి, అది 1759 ఏప్రిల్ నడుమ సూర్యునికి మిక్కిలి సమీపిస్తుందనీ, ఒక నెల ఇటు అటు కావచ్చుననీ తెలిపినారు. 1758 డిసెంబరు 25న జర్మనీలో పాలిచ్ అనే రైతు దానిని మొట్టమొదట చూచినాడు. 1759 మార్చి 13న అది సూర్యుని సమీపించినది. విత్తు నాటినవాడు ఒకడు, పండును చూచినవాడు మరొకడు.

గతి ఈ విధంగా గణితానికి లొంగినది. కాంతి మాత్రం లొంగలేదు. ధూమకేతువు భూమికి ఎంత దూరంలో ఉంటుందో లెక్కించవచ్చు. సూర్యుని వేడికి దాని మంచు ఎంత ఆవిరి అవుతుందో, ఎంత ధూళి వెలువడుతుందో ముందుగా నిర్ణయించటం కష్టం. ఒక్కొక్క ధూమకేతువుది ఒక్కొక్క స్వభావం. 1973లో కనుగొనబడిన కోహూటెక్ ధూమకేతువు ఆకాశాన్ని దేదీప్యమానం చేస్తుందని లోకమంతా ఎదురుచూచినది. అది చెప్పిన దారినే వచ్చినది గాని, ఆశించిన కాంతితో రాలేదు.

1910లో హాలీ ధూమకేతువు భూమికి దగ్గరగా వచ్చి మహోజ్జ్వలంగా ప్రకాశించినది. దాని తోకలోని విషవాయువు భూమిని ముంచెత్తుతుందని అనేక దేశాలలో జనులు భీతిల్లినారు. ఏ ఆపదా రాలేదు. 1986 ఫిబ్రవరి 9న అది మరల సూర్యుని సమీపించినప్పుడు భూమి సూర్యునికి అవతలి వైపున ఉండిపోయినది. ఏప్రిల్ 11న మనకు మిక్కిలి చేరువకు వచ్చినది. అంతకు ముందురోజే అక్షయ నామ సంవత్సర ఉగాది. ఉత్తర ఐరోపా వారి దిగంతంపైకి రాని ఆ అతిథి, అర్ధరాత్రి దాటిన వేళ తిరుపతి వంటి తావులకు దక్షిణాకాశంలో కనిపించే స్థితిలో ఉన్నది. శేషాచలానికి వీపు పెట్టి సువర్ణముఖి వైపు చూపు నిలిపితే కానవచ్చేది ఒక మసక వెలుగు మాత్రమే. 1910 నాటి వర్ణనలను తలచుకొని చూచిన వారికి ఆశాభంగమే కలిగినది.

ఇక్కడనే పరిశీలకుని ధర్మం పరీక్షకు నిలుస్తుంది. ధూమకేతువు కాంతిని అంచనా వేసే పద్ధతి సరళమైనది. కాంతి ముందే నిర్ణయింపబడిన నక్షత్రాలను దుర్భిణిలో కొంచెం మసకబార్చి, ధూమకేతువు శిరస్సుతో పోల్చి, దేనికి సమానమో వ్రాసుకొనవలెను. ఆ రాత్రి ఎంత కాంతి ఉండవలెనో పత్రికలలో చదివిన మనస్సు, కన్ను చూచినదానిని ఆ అంకెవైపు మెల్లగా లాగుతుంది. ఆ లాగుడుకు లొంగక, మసకగా ఉంటే మసకగా ఉన్నదని వ్రాయటమే సత్యవ్రతం. ఆనాడు అనేక దేశాల పరిశీలకులు అంతర్జాతీయ హాలీ పరిశీలన సంస్థకు తమ అంచనాలను పంపినారు. ఒక్కరి కన్ను పొరబడవచ్చు. నిజాయితీగల పెక్కు కన్నులు కూడినప్పుడు సత్యం తేటపడుతుంది.

హైదరాబాదులో పెరిగిన వైను బాప్పు చరిత్ర కూడా ఈ ధర్మాన్నే చాటుతుంది. ఆయన తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో పనిచేసినాడు. 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదువుతూ బాప్పు ఒక కొత్త ధూమకేతువును గుర్తించినాడు. అది బాప్పు–బాక్–న్యూకర్క్ అనే పేర ప్రసిద్ధమైనది. ఏ మానవుడూ ఒక జన్మలో రెండుమారులు చూడలేనంత దీర్ఘమైనది దాని కక్ష్య. తరువాత ఆయన చిత్తూరు జిల్లాకు దక్షిణాన, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు వేధశాలను నెలకొల్పినాడు. అక్కడ 2.34 మీటర్ల దర్పణంగల దూరదర్శిని నిర్మించటం ఆయన సంకల్పం. అది పూర్తికాకముందే 1982 ఆగస్టులో ఆయన కాలధర్మం చెందినాడు. 1986 జనవరిలో ఆ దూరదర్శిని ఆయన పేరుతోనే జాతికి అంకితమైనది. అప్పుడు హాలీ ధూమకేతువు సాయంకాలపు ఆకాశంలోనే ఉన్నది.

హాలీ తన ధూమకేతువు పునరాగమనాన్ని చూడలేదు. బాప్పు తన దూరదర్శినిని పూర్తిగా చూడలేదు. వారి శ్రమ వ్యర్థమైనదని ఎవరనగలరు? మన నడవడి కక్ష్య వంటిది. కీర్తి కాంతి వంటిది. మొదటిదానిని నియమంతో నిలుపుకొనవలెను. రెండవది మన అధీనంలో లేనిది. ఎక్కువైతే గర్వించటం, తక్కువైతే కుంగటం రెండూ అజ్ఞానమే. కర్మ మనవంతు, ఫలం ఈశ్వరుని వంతు అన్న గీతాచార్యుని బోధకు ఇది ఆకాశంలో కనిపించే వ్యాఖ్యానం.

మరొక విశేషం గలదు. 1986 మార్చిలో జోట్టో అనే వ్యోమనౌక ఆ ధూమకేతువు చెంతకు వెళ్ళి చూచినది. సుమారు 15 కిలోమీటర్ల పొడవుగల ఆ గర్భం బొగ్గువలె నల్లనిది. తనపై పడిన వెలుగులో నూటికి నాలుగు వంతులు మాత్రమే అది తిరిగి పంపుతుంది. ఇంత నల్లని ముద్ద సూర్యుని సన్నిధికి వచ్చినప్పుడే తేజస్సును దాల్చుతున్నది. భగవత్సన్నిధికి చేరిన జీవుని స్థితి కూడా ఇంతే గదా!

2023 డిసెంబరులో అది నెప్ట్యూన్ కక్ష్యకు ఆవల మిక్కిలి దూరం చేరి వెనుదిరిగినది. 2061 జూలైలో మరల సూర్యుని సమీపిస్తుంది. దానిని చూడగలమో లేదో మన చేతిలో లేదు. అయితే అది విడిచిన ధూళి ఏటేటా మే నెల తొలివారంలో, తిరుమలలో సుప్రభాతం వినిపించే తెల్లవారుజామున, ఉల్కలై రాలుతూనే ఉంటుంది. ఎంత దూరమేగినా సూర్యుని విడువక మరలివచ్చే ఆ ధూమకేతువువలె, మన చిత్తం ఎన్ని దారులు తిరిగినా శ్రీనివాసుని పాదసన్నిధికే మరలుగాక!