కరస్థలమున నున్నదేమి?



క్రైస్తవమతమున విగ్రహారాధనము మహాపరాధము. మనుజుడు తన చేతులతో చేసికొన్న రూపమునకు తానే మ్రొక్కరాదని మోషే తెచ్చిన పది ఆజ్ఞలలో శాసనము కలదు. అట్టి మతమునందలి పెద్దలే నేడొక ప్రశ్న వేసికొనుచున్నారు. ప్రతిమలను విడిచిన భక్తుడు యంత్రమునకు మ్రొక్కుచున్నాడా? ప్రశ్న వారిదే యైనను, దానిని వీరశైవ గృహస్థులును ఆలకింపదగును.

బైబిలులో రెండు కథలు గలవు. మొదటిది బంగారు దూడ కథ. మోషే కొండ దిగివచ్చుట ఆలస్యము కాగా, ప్రజలు ఓర్పు చాలక తమ పోగులను అహరోనున కిచ్చి దూడను పోతపోయించుకొని, తమ్ము ఐగుప్తు నుండి తెచ్చిన దైవ మిదియే యనిరి. రెండవది ఇత్తడి సర్పము కథ. అరణ్యమున పాముకాటుకు జనులు చచ్చుచుండగా, దైవాజ్ఞచే మోషే ఇత్తడి సర్పమును చేయించి స్తంభముపై నిలిపెను. దానిని చూచినవారు బ్రదికిరి. తరములు గడచిన పిమ్మట ప్రజలు ఆ సర్పమునకే ధూపము వేయసాగిరి. అప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించెను.

ఈ రెంటికిని భేదము గమనింపవలెను. దూడ పుట్టుకతోనే దోషము. సర్పమో, ప్రాణము నిలుపుటకై దైవమే చేయించిన సాధనము. సాధనము చెడ్డది కాదు. దానికి ధూపము వేసిన బుద్ధి చెడ్డది. నేటి యంత్రములు ఈ రెండవ కోవకు చెందినవి.

2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి ప్రబలినపుడు లోకమంతట దేవాలయముల తలుపులు మూతపడినవి. ఆ యేటి ఈస్టరు పండుగనాడు రోమునందలి సెయింట్ పీటర్స్ మహాలయము దాదాపు శూన్యముగా నుండగా పోపు ఫ్రాన్సిస్ ఆరాధన జరిపెను. భక్తులు తమ యిండ్లలో తెరపై చూచిరి. నాడు ఆ తెర ఇత్తడి సర్పము వలె ఆదుకొన్నది. తలుపులు తెరచిన తరువాత కూడ కొందరు తెరను వదలలేదు. వారికి క్రైస్తవాచార్యులు చెప్పినదేమి? ప్రసంగము తెరపై వినవచ్చును, గాని ప్రభువు బల్లయొద్ద రొట్టెను తెర అందింపజాలదు. రోగియగు పొరుగువాని చేయి తెర పట్టజాలదు. 2025 జనవరిలో వాటికన్ వారు కృత్రిమ మేధను గూర్చి వెలువరించిన పత్రము మరియొక యడుగు ముందుకు వేసి, మనుజుడు చేసిన వస్తువును దైవస్థానమున నిలుపుట విగ్రహారాధనమే యని హెచ్చరించినది.

అమెరికాలోని ఆమిష్ క్రైస్తవులు ఈ జాగ్రత్తను ఎంతో ముందుగా వహించిరి. 1910 ప్రాంతమున పెన్సిల్వేనియాలోని వారి పెద్దలు ఇంటిలోపల టెలిఫోను ఉంచరాదని కట్టడి చేసిరి. అవసరమునకు ఇంటికి దూరముగా చిన్న పాకలో ఉంచుకొనుట తరువాత వాడుక యైనది. మనుష్యుడు మనుష్యుని గడపకు పోవుట మానునేమో యన్నదే వారి భయము.

ఇక కరస్థలమును చూచుకొందము. గురువు దీక్షాకాలమున అనుగ్రహించిన ఇష్టలింగము భక్తుని యెడమ అరచేత వెలయును. అది కోరిన వినోదము నిచ్చు వస్తువు కాదు. చూపును బయటి నుండి లోపలికి మరల్చునది. ఆ యరచేతిలోనే నేడు దినమున అధికభాగము ఫోను వసించుచున్నది. అది చూపును లోపలి నుండి బయటికి లాగును. వేకువను విభూతి ధరించి లింగపూజకు కూర్చున్న గృహస్థుని ప్రక్కన ఫోను మ్రోగగానే, లింగమున నిలువవలసిన దృష్టి ఎటు పోవుచున్నదో ఆతని అంతరాత్మకే యెరుక.

మఠములలోని పూజను, ప్రవచనమును దూరదేశమందలి బిడ్డలు తెరపై చూచి తరించుచున్నారు, అది మేలే. కాని అష్టావరణములలో పాదోదకమును, ప్రసాదమును ఏ తెర యందింపగలదు? గడపలోనికి వచ్చిన జంగమునకు తలయెత్తి శరణార్థి యనని యింట, వేయి ప్రవచనములు మ్రోగినను దాసోహము జరిగినట్లు కాదు.

ఇందువలన యంత్రమును ద్వేషింపవలెనని కాదు. అంబిగర చౌడయ్య తెడ్డు పట్టెను; మేదర కేతయ్య వెదురు చీల్చు కత్తి పట్టెను. కాయకమున పనిముట్టు పూజ్యుని సేవకు పరికరమే గాని పూజ్యము కాలేదు. పని తీరినంతనే తెడ్డును ఒడ్డున విడిచిన చేయి లింగమునకు ఖాళీగా నుండెను. నేటి చేయి ఖాళీ యగుటయే దుర్లభమైనది.

కావున ప్రతి గృహమున మూడు నియమములు పాటింపదగును. లింగపూజ వేళ ఫోను పూజాస్థలము వెలుపల నుండవలెను. ప్రసాదము స్వీకరించునపుడు ఎవరిచేతను అది యుండరాదు. అతిథియో జంగముడో వచ్చినపుడు దానిని ప్రక్కనుంచి లేచి నిలువవలెను. పెద్దలు పాటించినచో పిల్లలకు వేరుగ బోధింప బనిలేదు. పెద్దలే పాటింపనిచో, పరమతస్థుల విగ్రహములను గూర్చి మాటలాడు అర్హత వారికెక్కడిది?

హిజ్కియా సర్పమును పగులగొట్టవలసి వచ్చినది. భక్తుడు అంత చేయనక్కరలేదు. దానిని చేతినుండి దింపగలిగిన చాలును. దింపలేనినాడు అది పనిముట్టు కాదని గ్రహింపవలెను.

శరణు శరణార్థి.