ఒక్క డాలరు బేరం

అమ్మేవాడు అబద్ధమాడలేదు. కాని తెలిసిన నిజమూ చెప్పలేదు. అటువంటి బేరం ధర్మసమ్మతమేనా?

అమెరికాలో ఉంటున్న మన బంధుమిత్రులకు ‘టైమ్‌షేర్’ అనే మాట కొత్తకాదు. విహారస్థలంలోని ఒక గదిని ఏటా ఒక వారం వాడుకునే హక్కు అది. వేల డాలర్లు పోసి కొన్న ఈ హక్కును కొందరు ఈబే వంటి ఆన్‌లైన్ వేలంలో ఒక్క డాలరుకే అమ్మకానికి పెట్టారు. ఎందుకంత చవక? హక్కుతోపాటు ఏటేటా కట్టవలసిన నిర్వహణ రుసుము కూడా కొన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. గదిలో దిగినా, దిగకపోయినా అది కట్టవలసిందే. సాధారణంగా అది పెరుగుతూనే ఉంటుంది.

ఈ బేరాల్లో తనది కాని హక్కును అమ్మేవారున్నారు. పాత బకాయిలు దాచేవారున్నారు. బదిలీ ఖర్చుల పేరుతో ముందే డబ్బు తీసుకుని, దస్తావేజు రిజిస్టరు చేయించకుండా మాయమయ్యేవారున్నారు. అలాంటప్పుడు, అమ్మేశానని నిశ్చింతగా ఉన్నవాడి పేరిటే బిల్లులు వస్తూంటాయి.

ఒకసారి దైవప్రవక్త (సఅసం) ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. మరి ఆ తడి గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. గమనించండి, ఆ వర్తకుడు నోటితో అబద్ధమాడలేదు. పైనున్న పొడి గింజలే అతని తరఫున అబద్ధమాడాయి. వేలంలో కనిపించే సముద్రతీరపు ఫోటో కూడా అటువంటిదే. కింద దాచిన రుసుమే తడి.

“కొనేవాడే విచారించుకోవాలి కదా!” అని కొందరంటారు. నిజమే, విచారించుకోవాలి. బకాయిలు లేవని రిసార్టు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. సొమ్మును నమ్మకమైన మధ్యవర్తి వద్ద ఉంచి, బదిలీ పూర్తయ్యాకే విడుదల చేయించాలి. రుణ వ్యవహారాలను రాసుకోమని దివ్యఖుర్ఆన్ (2:282) ఆదేశించింది కదా! అయితే కొనేవాడి అజాగ్రత్త అమ్మేవాడి మౌనాన్ని హలాల్ చేయదు.

మరికొందరు పీడ వదిలితే చాలని ఎవరో కంపెనీకి డబ్బిచ్చి హక్కును బదిలీ చేస్తారు. ఆ కంపెనీ రుసుము ఎగవేస్తే ఆ భారం మిగతా యజమానులపై పడుతుంది. అలా జరుగుతుందని తెలిసీ అడగకుండా ఉండటం అమాయకత్వం కాదు.

మన సొంత తమ్ముడే కొంటానంటే ఏమేమి చెబుతామో, అపరిచితునికీ అవన్నీ చెప్పాలి. అలా చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.