ఖాళీ శవపేటిక

1925 ఫిబ్రవరిలో గీజా మహాపిరమిడ్డుకు తూర్పున పరిశోధన జరుపుతున్న అమెరికా బృందంలోని ఛాయాచిత్రకారుడు కెమెరా నిలుపబోగా, దాని ముక్కాలి కొయ్య గచ్చులో దిగబడినది. ఆ గచ్చు క్రింద మెట్లు, మెట్లకు ఆవల సుమారు 27 మీటర్ల లోతున్న బావి, దాని అడుగున ఒక గది బయల్పడినవి. గదిలోని కొయ్య సామగ్రి పొడియై పోయినది; దానికి తాపిన బంగారు రేకులు మాత్రం నిలిచినవి. మంచం, పందిరి, కుర్చీ, పల్లకి, సీతాకోకచిలుకలు పొదిగిన వెండి కడియాలు: అన్నియు ఖుఫు రాజు తల్లియైన హెతెఫెరెస్‌వి. 1927 మార్చిలో అలబాస్టరు శవపేటిక మూత ఎత్తి చూడగా, లోపల ఏమియు లేదు.

ఆ బృందానికి అధిపతియైన జార్జి రైస్నరు దీనికొక కారణం ఊహించినాడు. రాణిని మొదట దహషూరులో ఖననం చేసి ఉందురు. దొంగలు దేహాన్ని అపహరించి ఉందురు. ఆ మాట కుమారునితో చెప్పే ధైర్యం చాలక, అధికారులు పేటికను మూసియే తెచ్చి గీజాలో పూడ్పించి ఉందురు. ఇది ఊహయే. దేహాన్ని ప్రక్కనున్న పిరమిడ్డులోనికి మార్చి ఉందురని 1985లో మార్క్ లేనరు మరొక విధంగా వాదించినాడు. ఐనను రైస్నరు కథ లేవనెత్తిన ప్రశ్న కథతోపాటు కూలిపోదు. దుఃఖితుని ఎదుట సత్యాన్ని దాచుట దయయా?

మన ధర్మరాజు ద్రోణునికి పుత్రమరణాన్ని గూర్చి అర్ధసత్యం చెప్పినది అతనిని కూల్చుటకు. ఇక్కడి అబద్ధమో, కొడుకును నిలబెట్టుటకు. రెండింటిని ఒకే త్రాసులో తూచరాదని తోచును. కాని ఆ అధికారులకు రాజుపై జాలి ఎంత, తమ తలలపై ఆశ ఎంత? భయమునకు కరుణ అని పేరు పెట్టుకొనుట కొలువులో కొత్త కాదు.

అంతకన్న బరువైనది మరొకటి కలదు. దేహం నశించినచో ప్రతిమయైనను మృతుని ప్రాణశక్తికి నెలవు కాగలదని ఈజిప్టువారి నమ్మకం. నిజం తెలిసిన కొడుకు తల్లికి చేయగలిగినది ఇంకను ఉన్నది. ఆమెకు అర్పించే రొట్టె, మద్యం ఎవరి నెలవుకు చేరవలెనో సరిచూచుకొని ఉండును. కనుక అబద్ధం అతని దుఃఖాన్ని తగ్గించలేదు సరికదా, అతని కర్తవ్యాన్నే అపహరించినది. ఆ అపహరణకు దొంగలు కారణం కారు.

ఇంత తర్కంలో రాణి మాట ఎవరికిని తట్టలేదు. నాకును ఇంతవరకు తట్టలేదు. రాజు, మంత్రులు, దొంగలు, పండితులు మాట్లాడుచున్నారు. ఆమె వారి నడుమ ఒక ఖాళీ మాత్రమే. ఐతే ఆమె పల్లకిపై చెక్కిన బిరుదులలో ఒకటి, ఆమె పలికిన ప్రతి మాటయు నెరవేరునని చెప్పును. గదిలో గోడలోని గూటియందు మరొక అలబాస్టరు పెట్టె దొరకినది. అందులో నాలుగు అరలు. ఆమె అంతరంగావయవాల మూటలు వాటిలోనే ఉన్నవి, కొన్ని అరలలో లవణజలం కూడ ఇంకిపోలేదు.