సేనికోసమని తెచ్చిన అల్లుడు

కొడుకుల్లేని ఇంట్లో పొలం ఉంటే దాన్ని ఎవరు దున్నాలి? కర్నూలు, కడప జిల్లాల రైతులు దీనికి ఎప్పుడో దారి చూసుకున్నారు. కూతుర్ని అత్తారింటికి పంపకుండా అల్లుణ్నే ఇంటికి తెచ్చుకున్నారు. దాన్నే ఇల్లటం అంటారు. సేద్యం చెయ్యి, ముసలితనంలో మమ్మల్ని చూసుకో, కొడుకుతో సమానంగా ఆస్తి తీసుకో అన్నది ఒప్పందం. రెడ్లలో, కమ్మవారిలో ఉన్న ఈ ఆచారాన్ని బ్రిటిషు కాలంలోనే మద్రాసు హైకోర్టు గుర్తించింది. దత్తత వెళ్లినవాడికి పుట్టింటి ఆస్తి మీద హక్కు పోతుంది, ఇల్లటం అల్లుడికి పోదు. కావాలనుకుంటే తిరిగి వెళ్లడానికి అతనికో ఇల్లు ఉంటుందన్నమాట.

ఆ పెళ్లిమాటల్లో ఎకరాలు, ఎద్దులు, అప్పులు నలిగేవి. పిల్ల మనసు, పిల్లోడి మనసు ఎవరికీ గుర్తొచ్చేవి కావు.

కోవెలకుంట్ల వైపు మా దూరపు చుట్టాల్లో అలాంటి జంట ఉండేది. కొత్తలో ఆమె సంగటి ముద్ద, ఊరుబిండి పెట్టి పక్కకు తప్పుకునేదట. మామ పోయాక వరసగా వానలు ఎగ్గొట్టాయి. నల్లరేగడి నెర్రెలిచ్చింది. అతని అన్నదమ్ములకు కె.సి. కాలువ కింద మాగాణి ఉంది, వచ్చెయ్యమన్నారు. పోలేదు. బనగానపల్లె దగ్గర నాపరాళ్ల గనిలో కూలికి చేరాడు. రాత్రి ఇల్లు చేరేసరికి మడమల పగుళ్లలో రాతిపొడి కూరుకుపోయి ఉండేది. ఆమె వేణ్నీళ్లతో కడిగి, పిన్నీసుతో ఒక్కో పలుకూ తీసి, కాచిన ఆముదం పట్టించేది. ఈ పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్దలు కుదిర్చిన ఒప్పందంలో ఇది లేదు.

ముసలితనంలో ఆమె అన్న మాట నేను మరిచిపోలేను. "మా నాయన సేనికోసమని తెచ్చినాడు నాయనా. సూడబోతే నాకోసమే వచ్చినట్టుండాడు."

ఇష్టంలేని పిల్లను బలవంతాన కట్టబెట్టి, ప్రేమ అదే పుడుతుందిలే అనే పెద్దలకు ఈ కథలో ఏ ఊరటా లేదు. అది పాపమే. నేను చెప్పేది ఒప్పుకుని కూర్చున్న ఇద్దరి గురించి. వాళ్ల బంధం అవసరంతో మొదలైంది కాబట్టి తక్కువదని చిన్నచూపు చూడటం మాత్రం నాకు నచ్చదు.

ఎందుకంటే భక్తి కూడా చాలామందికి అలాగే మొదలవుతుంది. గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తన్ను కొలిచేవాళ్లను నాలుగు రకాలుగా చెప్పాడు. ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదో కావాలని వచ్చినవాడు, జ్ఞాని. జ్ఞాని తనకు ఆత్మవంటివాడని అంటూనే, నలుగురూ ఉదారులేనన్నాడు. కోరికతో వచ్చినవాణ్ని గుమ్మం బయట నిలబెట్టలేదు. భాగవతం నాలుగో స్కంధంలోని ధ్రువుణ్ని చూడండి. సవతితల్లి మాటకు ఉడుక్కుని, అందరికన్నా గొప్ప స్థానం కావాలని అడవికి పోయిన పసివాడు. తీరా స్వామి ఎదుట నిలిచి వరమిచ్చాక, ఇంతటివాణ్ని పొంది ఆ కాస్తా అడిగానే అని కుమిలిపోయాడు. అడగడానికి పోయి అడిగిన దాన్నే చిన్నదిగా చూసే స్థితికి వచ్చాడు. ఆ చుట్టం చేసింది కూడా ఇంచుమించు అదే. పొలంకోసం వచ్చి, పొలం ఎండినా ఉండిపోయాడు.

మన సీమలో దేవుడికి కూడా అల్లుడి వరసే కలిపారు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ, స్వామి తమ ఇంటి అల్లుడు అని వాళ్ల నమ్మకం. నంద్యాల జిల్లా అహోబిలంలో చెంచు గిరిజనులకు నరసింహస్వామి అల్లుడే. చెంచులక్ష్మి వాళ్ల పిల్ల. అక్కడ స్వామి గుడిలో కూర్చుని జనాన్ని రప్పించుకోవడంతో సరిపెట్టుకోడు. కనుమనాడు పారువేట ఉత్సవానికి బయల్దేరి, సుమారు నలభై రోజులు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో జరిగే తన పెళ్లికి తానే జనాన్ని పిలుచుకుంటాడు. మెట్టపొలాల మధ్యనుంచి పల్లకి ఊళ్లోకి రాగానే, స్వామీ ఈ ఏడన్నా వానలియ్యి అని అడిగేవాళ్లే ఎక్కువ. అడగనివ్వండి.