ఎడారి ఒడ్డున నాసర్ జలాశయం

ఈజిప్టు దక్షిణాన, అస్వాన్ దగ్గర నైలు నదికి అడ్డంగా కట్టిన పెద్ద ఆనకట్ట 1970లో పూర్తయింది. దాని వెనక నిలిచిన నాసర్ జలాశయం సుమారు 500 కిలోమీటర్ల పొడవున సూడాన్ లోపలిదాకా సాగుతుంది.

రెండు పక్కలా ఎడారే. ఇసుకరాతి గుట్టలు తిన్నగా నీళ్లలోకి దిగుతాయి. ఒకనాటి ఎండువాగులు ఇప్పుడు ఎడారిలోకి చొచ్చుకెళ్లిన నీటిపాయలయ్యాయి. వాటిని అక్కడ ఖోర్‌లంటారు. నీటిమట్టం తగ్గితే వాటి అంచున తడిమన్ను బయటపడి పొదలు మొలుస్తాయి. కాస్త గట్టెక్కితే మళ్లీ ఉత్త ఇసుక, రాయి. వాన దాదాపు ఎరగని నేల అది. జలాశయం నుంచి ఏటా సుమారు వెయ్యి కోట్ల ఘనపు మీటర్ల నీరు ఆవిరైపోతుందని అంచనా.

ఈ నీళ్లలో మునిగిపోకుండా అబూ సింబెల్‌లోని ప్రాచీన ఆలయాలను ముక్కలుగా కోసి, 1968కల్లా గట్టు మీద మళ్లీ నిలబెట్టారు. గొప్ప పనే, కాదనను. కానీ నది ఒడ్డున ఖర్జూర తోటల మధ్య బతికిన నూబియన్ల ఊళ్లు మునిగిపోయాయి. దాదాపు లక్షమంది ఏటిని వదిలి దూరంగా తరలిపోయారు. మన శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్లకు ఆ బాధ ఒకరు చెప్పక్కర్లేదు. నాసర్ జలాశయం పటంలో మునిగిన ఊళ్ల పేర్లు కూడా అచ్చు వేయాలని నా కోరిక.