అంగీకారము - యోగ్యత

కంప్యూటరు శాస్త్రమున పత్రికలకన్న సభలకే గౌరవ మెక్కువ. నరసన్నపేటనుండి పైచదువునకు పోయిన పిల్లవాఁడు తన వ్యాసము నొక సభవారు త్రోసివేసిరని వ్రాసినచో, ఇంటివారు వాని తెలివినే శంకింతురు. ఈ శంక న్యాయమా?

2014లో మాంట్రియలునందు జరిగిన నిప్స్ సభవారు, తమకు వచ్చినవానిలో 166 వ్యాసములను రెండు సంఘములచే వేఱువేఱుగ పరీక్షింపఁజేసిరి. 43 వ్యాసములయెడ తీర్పులు భేదించెను. ఇది స్వల్పమని తోఁపవచ్చును. కాని నూటికి ఇంచుమించు 25 మాత్రమే గ్రహించు సభ యది. కావున నొక సంఘము మెచ్చినవానిలో ఇంచుమించు సగము రెండవది త్రోసివేసినట్లయ్యెను!

అట్లని పరీక్ష వట్టి జూదమని మేమనము. ఆ సభ నడపిన కొరినా కోర్టెసు, నీల్ లారెన్సుగారలు 2021లో మరల లెక్కచూచిరి. అంగీకృత వ్యాసములకు వచ్చిన మార్కులకును, పిదప పండితులు వానిని ఉదాహరించిన సంఖ్యకును సంబంధము కానరాలేదు. తిరస్కృతములయందు మాత్రము కొంత కనఁబడెను. పరీక్షకులు తక్కువదానిని పోల్చినంతగా గొప్పదానిని పోల్చలేరని వారి నిర్ణయము.

కావున వ్యాసము తిరిగివచ్చినపుడు ఇంటివారు పిల్లవాని నడుగవలసినది వేఱు: పరీక్షకులు చూపిన తప్పు నిజమేనా? నిజమైనచో, దానిని దిద్దకయే మఱియొక సభకు పంపుచున్నాఁడా?